సత్తయ్య యాంప్లిఫయరుకు దాచిన పలకలు

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఈమధ్య ఫోన్లు చేస్తున్నారు. ఏ జిగురు వాడాలి, ఏ పాలిష్ వేయాలి, పాత రకం రెక్సిన్ ఎక్కడ దొరుకుతుంది అని అడుగుతారు. అవన్నీ బజారులో ఎవరైనా చెప్తారు. ఫోన్లో చూసినా దొరుకుతాయి. ఎవరూ చెప్పనివి కొన్ని ఉన్నాయి. నేను దుకాణం మూసేశాను, ఇప్పుడు నాకు పోటీ భయం లేదు కాబట్టి అవి రాస్తాను.

నా పేరు మల్లేశం. మా నాన్న మగ్గం పని కోసం తెలంగాణ నుంచి సూరత్ వచ్చాడు. నేను ఆ ఊళ్ళో లింబాయత్ పేటలోనే పుట్టాను, అక్కడి మునిసిపాలిటీ తెలుగు బడిలోనే నాలుగు అక్షరాలు నేర్చుకున్నాను. ఇంటిల్లిపాదీ పవర్‌లూమ్‌ల మీద బతికేవాళ్ళం. నాకు మాత్రం ఆ చప్పుడు పడేది కాదు. పక్క పేట ఉధ్నాలో కాంతికాకా అని ఒక గుజరాతీ మిస్త్రీ రేడియోలకూ హార్మోనియంలకూ స్పీకర్లకూ చెక్కపెట్టెలు చేసేవాడు. వెళ్ళి ఆయన దగ్గర చేరాను. "మగ్గం ఇడ్సిపెట్టి గీ సుత్తి పనేందిరా? మనింట్ల ఎవలన్న చేసిన్రా?" అని మా నాన్న చాలాకాలం ముఖం తిప్పుకున్నాడు. తర్వాత మా ఇంట్లో తలుపు ఊడిపోయినప్పుడు నన్నే పిలిచాడు.

పెట్టె పని అంటే

కరెంటు గిటార్‌కి సొంతంగా గొంతు లేదు. తీగ మీటితే పక్కన కూర్చున్నవాడికి కూడా సరిగ్గా వినపడదు. దాని వైరు తెచ్చి యాంప్లిఫయర్‌లో గుచ్చితేనే పలుకుతుంది. పాతకాలం యాంప్లిఫయర్లలో బల్బుల్లాంటి గాజు వాల్వులు, వాటి కింద స్పీకరు, అన్నీ ఒకే చెక్కపెట్టెలో ఉంటాయి. లోపలి కరెంటు పని మెకానిక్‌ది. పెట్టె పని నాది.

పెట్టెదేముంది, మేకులు కొట్టి రంగు వేస్తే సరిపోదా అనేవాళ్ళు చాలామంది. అదే స్పీకరును పెట్టెలోంచి తీసి బల్ల మీద పెట్టి వాయించి చూడండి. రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టుంటుంది. మళ్ళీ పెట్టెలో బిగించి వాయించండి. తేడా చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది.

కాంతికాకా నాకు మొదట ఉలి ఇవ్వలేదు. ఎవరైనా పాత యాంప్లిఫయర్ తెస్తే, తెచ్చినవాణ్ణే వాయించమని, నన్ను కళ్ళు మూసుకుని పెట్టె నాలుగు వైపులా అరచేతులు ఆనించమనేవాడు. ఎక్కడ గడగడలాడుతోందో చేతితో పట్టుకోవాలి. "పహేలా సాంభళ్" అనేవాడు, ముందు విను అని. వినకుండా స్క్రూ విప్పానో, నెత్తిన మొట్టికాయ పడేది. ఆయన దగ్గర నేను తిన్న మొట్టికాయలకు లెక్కలేదు. ఇప్పటి పిల్లలు పెట్టె రాగానే ఫొటో తీసి, ఆ మరుక్షణమే విప్పేస్తారు. విప్పిన తర్వాత ఏం వింటారు?

రెండోది జిగురు. కాకా సరేసు వాడేవాడు, జంతువుల తోలుతో, ఎముకలతో చేసే పాత జిగురు. నీళ్ళలో ఉడికిస్తే ఆ కంపు బట్టలకు పట్టి వదలదు. మా అమ్మ నన్ను గడప దాటనిచ్చేది కాదు, బయటే స్నానం చేసి రమ్మనేది. తెల్ల జిగురు వచ్చాక అందరూ దానికి మారారు, గట్టిగా పట్టుకుంటుందని. నిజమే, గట్టిగానే పట్టుకుంటుంది. కానీ రేపు ఇంకొకడు ఆ పెట్టె విప్పాల్సి వస్తే చెక్క చీలిపోతుంది. సరేసు అయితే వేడి చూపిస్తే వదులుతుంది. మన తర్వాత కూడా ఆ వస్తువు ఎవరో ఒకరి చేతికి వెళ్తుందని గుర్తుంటే ఈ పనిలో సగం తప్పులు జరగవు.

అడాజన్ సేఠ్

కాకా పోయాక కొన్నాళ్ళు సూరత్‌లోనే అడాజన్ అనే పేటలో ఒక సేఠ్ దగ్గర పనిచేశాను. పాత సామాన్లకు మెరుగుపెట్టి కొత్త ఫ్లాట్లవాళ్ళకు అలంకరణకు అమ్మే దుకాణం ఆయనది. రేడియోల పేగులు తీసి పారేసి, పెట్టెను అద్దంలా మెరిపించి, లోపల పూలకుండీలు, సీసాలు పెట్టుకునేలా చేయాలి. ఒకసారి చక్కగా పాడుతున్న రేడియోనే తెచ్చి విప్పమన్నాడు. ఇది ఇంకా పలుకుతోంది సేఠ్ అన్నాను. "అరే మల్లేశ్‌భాయ్, గానా తో ఫోన్ మే సున్ లేంగే. తుమ్ బస్ చమ్‌కావో" అని నవ్వాడు. పాటలు ఫోన్లో వింటారట, నేను మెరిపిస్తే చాలట.

మెరిపించాను. ఆ తర్వాత ఎక్కువ రోజులు అక్కడ ఉండలేదు. ఆయన చెడ్డవాడని నేను అనను. మా అమ్మ ఆసుపత్రిలో ఉంటే అడగకుండానే కారు పంపిన మనిషి. కానీ ఆ పని నా ఒంటికి పడలేదు. లింబాయత్‌లో మా సందులోనే చిన్న గది తీసుకుని సొంతంగా మొదలుపెట్టాను. గణపతి మండపాలవాళ్ళు, పెళ్ళి ఆర్కెస్ట్రాలవాళ్ళు వచ్చేవాళ్ళు. సత్తయ్య అలా వచ్చినవాడే.

సత్తయ్య, లలిత

సత్తయ్య పగలు ఉధ్నాలో మగ్గాల బీములకు నూలు చుట్టే పని చేసేవాడు. సాయంత్రాలు గిటార్. అతని భార్య లలిత పాడేది. మనవాళ్ళ పెళ్ళిళ్ళకు తెలుగు పాటలు, నవరాత్రికి గుజరాతీ గర్బా పాటలు. గుజరాతీ ఆడవాళ్ళు వచ్చి, గుజరాత్‌లో మీది ఏ జిల్లా బెన్ అని అడిగేంత బాగా పాడేది. ఆమె నన్ను మల్లన్నా అనేది, నేను చెల్లె అనేవాణ్ణి.

మూతపడిన ఒక ఆర్కెస్ట్రా నుంచి సత్తయ్య ఒక పాత విదేశీ యాంప్లిఫయర్ సంపాదించాడు. వైరు గుచ్చే రంధ్రాలు దానికి రెండు ఉన్నాయి. ఒకదాంట్లో అతని గిటార్, పక్కదాంట్లో ఆమె మైకు. చిన్న ఫంక్షన్లకు వేరే సెట్టు అక్కర్లేకుండా ఇద్దరూ ఆ ఒక్క పెట్టెలోంచే వినపడేవాళ్ళు. వెనకటికి తాపీ నది వరద ఊళ్ళోకి వచ్చినప్పుడు అది వాళ్ళ గదిలో నీళ్ళలో మునిగింది. తర్వాత ఎవరో అడుగున ప్లైవుడ్ ముక్క పెట్టి మేకులు దిగ్గొట్టి నల్లరంగు పూశారు. అప్పట్నుంచి మంద్రస్వరాలు వచ్చినప్పుడల్లా పెట్టె వణికేది.

మొదటి లాక్‌డౌన్‌కి కొద్దిగా ముందు దాన్ని నా దగ్గర దించి వెళ్ళాడు. ఆ వెంటనే అన్నీ మూతపడ్డాయి. మగ్గాలు ఆగిపోయాయి. నాకు పడని ఆ చప్పుడు లేకపోతే లింబాయత్ ఎంత భయంగా ఉంటుందో అప్పుడు తెలిసింది. మా సందులో చాలామంది దొరికిన బండి పట్టుకుని సొంతూళ్ళకు వెళ్ళిపోయారు. మీరు పోరా అని సత్తయ్యను ఫోన్లో అడిగాను. "యాడికి పోతమన్నా? ఊళ్ళె మమ్ముల గుర్తువట్టెటోళ్ళు లేరు. మా ఊరంటే గిదే" అన్నాడు.

దుకాణం మళ్ళీ తెరిచాక పెట్టె మీద అంటించి ఉన్న రెక్సిన్‌కి ఇస్త్రీపెట్టె వేడి చూపించి, చిరగకుండా ఒలిచాను. లోపల పైన్ చెక్క. మూలల్లో వేళ్ళల్లో వేళ్ళు ఇరికించినట్టు అమర్చిన అతుకులు. ఎవరు చేశారో గానీ దండం పెట్టాలి. కానీ అడుగున ఉలి పెడితే అటుకుల్లా రాలింది. పక్క పలకలు కూడా సగం దాకా పుచ్చిపోయాయి.

నా అటక మీద పాత పైన్ పలకలు ఉన్నాయి. బయటి దేశాల నుంచి మగ్గం మిషన్లు వచ్చే పెద్ద చెక్కపెట్టెలవి. మిల్లులవాళ్ళు వాటిని పగలగొట్టి పొయ్యిల కింద పెట్టేస్తుంటే, ఎప్పుడో మంచివి చూసి ఏరి తెచ్చుకున్నాను. ఏటా వానలు వెనకపట్టగానే దించి, తిరగేసి, మళ్ళీ ఎక్కించేవాణ్ణి. అలా ఏళ్ళకేళ్ళు ఆరిన చెక్క ఇప్పుడు ఎక్కడా దొరకదు. వచ్చి చూసుకొమ్మని సత్తయ్యను పిలిచాను. భార్యను కూడా వెంటబెట్టుకుని వచ్చాడు.

ఒక్కో పలకను చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో కొట్టి చూస్తున్నాడు. ఎంతకీ తెమలడు.

"ఏంది మల్లన్నా, ఈన చెక్కకు పెండ్లిచూపులు చూస్తుండు?" అంది లలిత, మాస్కు కిందికి లాగి నవ్వుతూ. "నన్ను జూసిననాడు గింతసేపు చూడలె."

"నిన్ను జూసుడేంది? ఇన్న గద. చాలలేదా?" అన్నాడు సత్తయ్య, తల ఎత్తకుండానే.

ఆమె ఒక పలక మీద అరచెయ్యి ఆనించి, నోరు దగ్గర పెట్టి సన్నగా రాగం తీసింది. చేతికి తెలుస్తోంది అన్నా అంది. మా కాకా బతికుంటే నిన్ను పనిలో పెట్టుకునేవాడు చెల్లె అన్నాను. ముగ్గురం కలిసి నాలుగు పలకలు ఎంచాం. పైన, కింద, ఎడమ, కుడి అని వాటి మీద పెన్సిల్‌తో రాసి పక్కన పెట్టాను.

ప్రోగ్రాములు లేవు కాబట్టి తొందరేమీ లేదన్నాడు. నవరాత్రికి చేద్దామనుకున్నాం, ఆ ఏడాది గర్బాకు అనుమతి ఇవ్వలేదు. సరే, వచ్చే పెళ్ళిళ్ళ సీజనుకి అనుకున్నాం.

కట్టెలు

మరుసటి ఎండాకాలంలో రోగం మళ్ళీ వచ్చింది. ఆ రోజుల గురించి అందరికీ తెలుసు, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. చెక్కపనివాడికి మాత్రమే ఎదురైన సంగతి ఒకటి ఉంది, అది చెప్తాను. శ్మశానంలో కట్టెలు చాలడం లేదని కొందరు కుర్రాళ్ళు టెంపో వేసుకుని సందు సందూ తిరిగారు. నా దుకాణం ముందు ఆగి, "కాకా, లాకడా హోయ్ తో ఆపో" అన్నారు, కట్టెలుంటే ఇవ్వమని.

ఇచ్చాను. పాత తలుపులు, కిటికీ చట్రాలు, ముక్కలు, నా కోసం మంచం చేసుకుందామని దాచుకున్న టేకు కూడా. అటక మొత్తం ఖాళీ అయింది. సత్తయ్య పలకలు నాలుగు మాత్రం బల్ల కింద గోనెపట్టా కప్పి ఉంచాను. టెంపో అబ్బాయి ఒకడు అవి చూసి, అవేంటి కాకా అన్నాడు. అవి ఒకరివి అన్నాను. అతను మిగిలినవి టెంపోలో సర్దుకున్నాడు. దాచినందుకు నాకు సిగ్గులేదు. ఇంకొకరికి మాట ఇచ్చిన చెక్క మీద నాకు హక్కు లేదు.

ఆ తర్వాత కొద్దిరోజులకే లలితకు జ్వరం వచ్చిందని తెలిసింది. మామూలు జ్వరమే అన్నాడు సత్తయ్య మొదట. తర్వాత ఊపిరి అందట్లేదన్నాడు. ఆటోలో ఆసుపత్రులన్నీ తిప్పాడు, ఎక్కడా మంచం దొరకలేదు. తిరిగి ఇంటికే తెచ్చుకున్నాడు. తెల్లవారి నేను టీ తాగుతుంటే ఫోన్ వచ్చింది.

"మల్లన్నా, లలిత పోయింది."

టీ గ్లాసు కింద పెట్టాను. అతనే అడిగాడు. "గా పలకలున్నయా?"

బాధతో మతి తప్పిందేమో అనుకున్నాను. "ఉన్నయి తమ్మీ. ఇప్పుడెందుకు?"

"పట్కరా."

"కట్టెలు నేను యాడికెళ్ళన్న తెస్త. నా బల్ల ఇరగ్గొడ్త. అవి డబ్బాకు పెట్టినవి గద సత్తయ్యా. చెల్లె చెయ్యి పెట్టి చూసినయి."

"గందుకే తెమ్మంటున్న" అన్నాడు. "ఎవ్వరు వస్తలేరన్నా. కట్టె ఎయ్యనీకి ఒక్క మనిషి లేడు. గవన్న ఎయ్యాలె."

మాలో దహనానికి వచ్చినవాళ్ళు తలా ఒక కట్టె చితి మీద వేసి దండం పెట్టుకుంటారు. మామూలు రోజులైతే లలితకు మా సందు సందంతా కదిలేది. ఆర్కెస్ట్రావాళ్ళు, ఆమె పాటకు ఆడిన ఆడవాళ్ళు, అందరూ వచ్చేవాళ్ళు. ఆ రోజు ఎవరి ఇంట్లో వాళ్ళకు జ్వరాలు, లేదా భయం. ఎవరినీ తప్పుపట్టలేం.

పలకలు స్కూటరుకు కట్టుకుని బయల్దేరాను. అడ్డుకంచె దగ్గర పోలీసు ఆపి, చెక్కల వంక చూసి, నా ముఖం వంక చూసి, పొమ్మని చెయ్యి ఊపాడు. శ్మశానంలో వరుసలో చాలాసేపు కూర్చున్నాం. ఉన్నది మేమిద్దరమే అయినా దూరం దూరంగా కూర్చోవాల్సి వచ్చింది. నా కన్నా చిన్నవాడు, తమ్ముడి లాంటివాడు, భుజం మీద చెయ్యి వేయడానికి కూడా లేకపోయింది. ఇప్పటికీ ఆ చెయ్యి వేయలేకపోయిన బాధ నాకు పోలేదు.

మా వంతు వచ్చాక సత్తయ్య 'కింద' అని రాసిన పలక వేశాడు. నేను 'ఎడమ', 'కుడి' అని రాసినవి వేశాను. ఒకటి మిగిలింది. అక్కడ ప్లాస్టిక్ తొడుగులో పనిచేస్తున్న మనిషికి దాన్ని అందించాను. అతనెవరో మాకు తెలియదు, లలిత ఎవరో అతనికి తెలియదు. రెండు చేతులతో తీసుకుని, తల వంచి, మెల్లగా పెట్టాడు. పైన్ చెక్కలో నూనె ఉంటుంది, ఇట్టే అంటుకుంటుంది. నా పెన్సిల్ అక్షరాలు నల్లబడి కనపడకుండా పోయేదాకా చూశాను. ఏడ్చాను. మాస్కు తడిసి ఊపిరాడక, బయటికొచ్చి దాన్ని తీసి మళ్ళీ ఏడ్చాను.

మిగిలిన చెక్క

తర్వాత చాన్నాళ్ళు సత్తయ్య దుకాణం వైపు రాలేదు. విప్పిన యాంప్లిఫయర్ మూలన అలాగే ఉంది. పనికి తిరిగి వెళ్తున్నాడని, ఎవరితోనూ మాట్లాడడం లేదని విన్నాను. కష్టంలో ఉన్న ఇంటి వస్తువు మీ దగ్గర ఉంటే ఏం చేయాలని ఒక అమ్మాయి ఈమధ్య నన్ను అడిగింది. ఏం చేయమంటారని వాళ్ళకు ఫోన్ చేయకూడదని నా అభిప్రాయం. అడిగితే వద్దంటారు. వద్దన్నాక చేయలేం. నేను అడగకుండానే మొదలుపెట్టాను.

కొత్త పైన్ కొందామంటే బజారులో దొరికేది పచ్చిది, నెల తిరక్కుండా వంకర పోతుంది. అందుకని ఉన్న పాత చెక్కతోనే చేశాను. పుచ్చిన మేరకు కోసేసి, గట్టిగా ఉన్న భాగం మిగుల్చుకున్నాను. పెట్టె వెనక తలుపు కూడా అదే పైన్, దానికి నీళ్ళు అంతగా తగల్లేదు. దాన్ని చీల్చి అడుగు పలకకూ అతుకులకూ వాడుకుని, వెనకకు మాత్రం ప్లైవుడ్ వేశాను. మేకులన్నీ పీకి, మూలల్లో విరిగిన వేళ్ళను ఒక్కొక్కటే చెక్కి ఇరికించాను. సరేసే వాడాను. చుట్టుపక్కలవాళ్ళు కంపుకి తిట్టారు. ఒలిచిన పాత రెక్సిన్నే మళ్ళీ అంటించాను. మెకానిక్ వచ్చి వాల్వులు చూసి, లోపలి భాగం బిగించి వెళ్ళాడు. ఒక్క పెట్టె మీద నేను అంతకాలం ఎప్పుడూ కూర్చోలేదు. వ్యాపారంగా చూస్తే తెలివితక్కువ పని, మీరు రోజూ అలా చేస్తే దుకాణం మునుగుతుంది.

పెట్టె అయిందని కబురు పంపాను. చాలారోజులకు వచ్చాడు, భుజాన గిటార్ ఉంది. చిక్కిపోయాడు, గడ్డం నెరిసింది. పెట్టె చుట్టూ తిరిగి, అతుకు అతుకూ వేలితో తడిమాడు. "మల్లా గదే చెక్క పెట్టినవా?" అన్నాడు. "గదే" అన్నాను. స్టూలు లాక్కుని కూర్చుని వైరు గుచ్చాడు. వాల్వులు వేడెక్కి ఎర్రబడేదాకా ఆగాం.

ఏదో ఒక చిన్న ముక్క వాయించి చూస్తాడనుకున్నాను. పాట ముందు వచ్చే బిట్ వాయించాడు. అది వాళ్ళు ప్రతి ప్రోగ్రాం ఆఖరున పాడే జానపదమని నాకు వెంటనే తెలిసింది. ఆ తర్వాత పల్లవి రాలేదు. సత్తయ్య ఎప్పుడూ ఆమె వెనక వాయించినవాడే, పాట ఆమెది, కింద తాళం పట్టుకుని నడిచే తీగలు అతనివి. ఆ తీగలే వాయిస్తున్నాడు. పల్లవి ఉండాల్సినంత సేపూ అవే, చరణం ఉండాల్సినంత సేపూ అవే. ఆమె ఊపిరి తీసుకునే చోట ఆగుతున్నాడు, మళ్ళీ అందుకుంటున్నాడు. అలవాటు కొద్దీ నేను పెట్టె పక్కలకు అరచేతులు ఆనించాను. ఎక్కడా వణకడం లేదు. పక్క గదిలో దర్జీ మిషను ఆపేశాడు. ఒక్క చరణం కూడా వదలకుండా పాట మొత్తం అలాగే వాయించాడు.

అయిపోయాక తీగల మీద చెయ్యి ఆనించి, నా వైపు తిరిగాడు.

"మల్లన్నా, జర నిజం చెప్పు. నా గిటార్ ఆమె గొంతు మీదికి పోలేదు గద?"

"లేదు తమ్మీ" అన్నాను. "చెల్లె మంచిగ ఇనబడ్డది."